‘తెమిలావా’ అన్నదెవరు?

నాలుగో రోజు కూడా తూనికలాయన కంచం వరండాలోకే వెళ్లింది.

మోసుకెళ్లింది ఆయన అక్కగారు పంతులమ్మ. వంటింటి గుమ్మంలో నిలబడి చూసింది ఆయన భార్య, అంటే మన రచయిత్రి. గుమ్మానికీ వరండాకీ మధ్య దూరం పద్నాలుగు అడుగులు. తూనికలాయన స్వయంగా టేపు పెట్టి కొలిచిన లెక్క కాబట్టి అందులో తేడా ఉండదు. ఆ పద్నాలుగు అడుగులూ దాటి మొగుడి మాట పెళ్లానికీ, పెళ్లాం మాట మొగుడికీ చేరాలంటే ఆదివారం నుంచి పంతులమ్మే టపా.

ఆవిడ మోసే టపాలో ఒక్క అక్షరం తగ్గదు, ఒక్క అక్షరం పెరగదు. ముప్పై ఎనిమిదేళ్లు బళ్లో డిక్టేషను చెప్పిన గొంతు అది. కూరలో ఉప్పు చాల్లేదని నీ మొగుడు అంటున్నాడని వచ్చి చెప్పింది. చాలకపోతే అడిగి వేయించుకోమనండని రచయిత్రి అంది. ఆ ముక్కను అంతే పొడుగున, అంతే విసురుతో వరండాలో అప్పజెప్పింది పంతులమ్మ. విసురు కూడా డిక్టేషనులో భాగమేనని ఆవిడ నమ్మకం.

ఉప్పు మాట తర్వాత, అసలు మాట అడగమని అక్కణ్ణుంచి తిరుగు టపా.

అసలు మాట నాలుగక్షరాలు. తె, మి, లా, వా.

తూనికలాయన రెండు నెలల కిందటే తూనికలు కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరుగా రిటైరయ్యాడు. ఉద్యోగంలో ఉండగా ఆయన వీధి మొదట్లో కనిపిస్తే వీధి చివర కాటాలు వాటంతటవే సరిగా తూగేవని చెప్పుకుంటారు. రిటైరైన మొదటి నెల ఇంట్లో ఉన్న గ్లాసులు, డబ్బాలు, టేపులు, ఆఖరికి పిల్లల మందు పోసుకునే మూతతో సహా తనిఖీ చేశాడు. రెండో నెలకి కొలవడానికి ఇంట్లో ఏమీ మిగల్లేదు. అప్పుడు భార్య రాసిన పుస్తకాలు కంటబడ్డాయి.

ముప్పై నాలుగేళ్ల కాపురంలో ఆవిడ రాసిన ముప్పై ఒక్క నవలల్లో ఆయన ఒక్కటీ విప్పి చూడలేదు. ఆవిడ నా కాటాలు చూసిందా, నేను ఆవిడ కథలు చూడ్డానికి అనేవాడు. ఇప్పుడు వరసగా చదివాడు, రూళ్ల పుస్తకం పక్కన పెట్టుకుని. పేరు, పేజీ, గమనించిన విషయం, చర్య. నాలుగు గళ్లు. మొదటి మూడూ నిండాయి. నాలుగోది నింపడానికే ఇప్పుడు వరండాలో మంచం వేసుకుని కూర్చున్నాడు.

ఆ నవలల సంగతి ఇక్కడ నాలుగు ముక్కలు చెప్పుకుంటే గానీ ఈ మంచం సంగతి అర్థం కాదు.

మొదటి ఆరూ ప్రేమా భయమూ సమపాళ్లలో కలిపిన కథలు. ఒక అమ్మాయి ఉద్యోగానికని పెద్ద ఇంట్లో అడుగుపెడుతుంది. వెనక ఎవరివో అడుగుల చప్పుడు. ఆ అడుగులవాణ్ణి ప్రేమించాలో, వాడి నుంచి పారిపోవాలో ఆఖరి పేజీదాకా తేలదు. బాగానే నడిచాయి. ఏడో నవలలో చిన్న పొరపాటు జరిగింది. నలభయ్యో పేజీలో ఆవిడకి అర్జెంటుగా ఒక శవం కావలసివచ్చింది. అందుబాటులో ఉన్నాడు కదా అని కథానాయకుణ్ణి చంపేసింది. తీరా చూస్తే అట్టమీద బొమ్మ అప్పటికే అచ్చయిపోయింది. దీపస్తంభం కింద ఇద్దరూ చేతులు పట్టుకుని నిలబడి ఉన్నారు. ప్రచురణకర్త ఫోనులో ఏడ్చినంత పనిచేశాడు. చేసేది లేక నలభై ఒకటో పేజీలో చచ్చినవాణ్ణే దయ్యంగా తిరిగి రప్పించింది.

ఆ చచ్చినవాడే ఆవిణ్ణి బతికించాడు. అక్కణ్ణుంచి ముప్పై ఒకటో పుస్తకం దాకా పాతిక నవలల్లో ప్రతిసారీ కథానాయకుడు దయ్యమే. వీధిలో ఆవిడ పేరు దయ్యాలమ్మ అయింది. నొప్పులొచ్చి ఆసుపత్రికి వెళ్లిన ఒకావిడ, ఆఖరి నాలుగు పేజీలూ అయితే గానీ లోపలికి రానని నడవలోనే కూర్చుందట. పుట్టిన పిల్ల గుప్పిట్లో పేజీ గుర్తుకి పెట్టుకునే దారప్పోగు ఉందని నర్సు చెప్పిందట. నర్సు అబద్ధం చెప్పదు గదా.

ఆ దయ్యంలో అంత ఆకర్షణ ఏమిటంటే, వాడు లోపలికి రాడు. మీద పడడు. పొద్దు వాలేవేళ వచ్చి కథానాయిక తలుపు బయట నిలబడతాడు. నిలబడి ఒకే ఒక్క మాట అడుగుతాడు.

"తెమిలావా?"

అంతే. లోకంలో ఉన్న ఆడవాళ్లంతా ఆ ఒక్క మాటకి పడిపోయారు. బతికున్న మొగాళ్లే రెండు నిమిషాలు ఆగలేక చిర్రుబుర్రులాడే రోజుల్లో, చచ్చి కూడా ఓపిగ్గా నిలబడి తెమిలావా అని అడిగేవాడు దొరికితే ఎవరికి చేదు?

తూనికలాయనకి చేదైంది. పాతిక నవలల్లో ఆ మాట నాలుగువందల పన్నెండుసార్లు వచ్చిందని లెక్క తేల్చాడు. దాని పక్కనే ఒక పత్రిక ముక్క అంటించాడు. అందులో ఎవరో రచయిత్రిని, అమ్మా, ఇంత గొప్ప మాట మీకెక్కడ దొరికింది అని అడిగారు. ఆవిడ ఒక్క క్షణం కళ్లు మూసుకుని, జీవితంలోంచి అని చెప్పిందని అచ్చులో ఉంది.

"ఎవరి జీవితం అది? కనుక్కో అక్కా." తూనికలాయన మాట పైకి వినిపించేలాగే అన్నాడు. "నేను ముప్పై నాలుగేళ్లలో ఒక్కనాడు గుమ్మం ముందు నిలబడి ఆ మాట అన్నానా? టైమైతే ముందు నడిచి వెళ్లి బస్టాపులో నిలబడతాను. వీధివీధంతా సాక్ష్యం. మరి తలుపు బయట నిలబడ్డవాడు ఎవడు?"

ఆ మాట నిజమే. ఎక్కడికి బయల్దేరినా ఆయన బస్టాపులో, ఆవిడ తాళంచెవులు వెతుకుతూ ఇంట్లో. సినిమాకి ఆయన పేర్లు పడకముందు చేరేవాడు, ఆవిడ విశ్రాంతికి ముందు చేరేది.

సాయంత్రం అయిదింటిలోగా పేరు చెప్పకపోతే తను ఊళ్లో ఉండనని, పాత సహోద్యోగి ఒకాయన వేరే ఊళ్లో గది చూసిపెట్టాడని కూడా టపాలో ఉంది. సూట్‌కేసు మంచం పక్కనే ఉంది. పట్టీలు బిగించి ఉన్నాయి. తూనికలాయన బెదిరింపుకి పట్టీలు బిగించే రకం కాదు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ముందు సీలు వేసి తర్వాత మాట్లాడిన మనిషి.

రచయిత్రి సూట్‌కేసు వంక చూసింది. గోడ గడియారం వంక చూసింది. మూడున్నర.

ఇంతకాలం ఆవిడ ఎవరికీ చెప్పని ముచ్చట ఒకటుంది. ఆ మాట ఆవిడ రాయలేదు.

ఆవిడ రాసింది ‘తలిచావా’ అని. తలచుకుంటేనే వచ్చే దయ్యం కాబట్టి వచ్చి తలిచావా అని అడుగుతాడు. నవలకి తగిన, బరువైన మాట. కానీ ఆవిడ దస్తూరి మహా ఘనమైంది. ఒకసారి ఆవిడ చిత్తుప్రతిలో ఒక కాగితం మందుల చీటీల్లో కలిసిపోతే, మందుల షాపతను చదివి రెండు రకాల మాత్రలు ఇచ్చాడు. జ్వరం తగ్గింది కూడా. అందుకే మొదటి నవల నుంచీ ఆవిడ చిత్తు రాయడం, పంతులమ్మ శుభ్రంగా ఎత్తిరాయడం. అచ్చుయంత్రానికి కూడా పంతులమ్మ అక్షరాలంటే గౌరవమని ప్రెస్సువాళ్లు అనేవారు.

ఏడో నవల అచ్చయి వచ్చాక చూసుకుంటే, తలిచావా ఉండాల్సిన ప్రతిచోటా తెమిలావా ఉంది. రచయిత్రి పుస్తకం పట్టుకుని వదినగారి గదిలోకి వెళ్లింది. ఆ రోజు జరిగింది పెద్ద గొడవే గానీ గొంతులు లేవలేదు. నువ్వు గీసిన కోడిగీతల్లో నాకు ఉన్నదే కనిపించింది అంది పంతులమ్మ. అది మాటా వదినా, దయ్యం అడిగే మాటా అని ఈవిడ. దయ్యమైతే మాత్రం మామూలుగా మాట్లాడకూడదా అని ఆవిడ. వారం తిరక్కముందే ఉత్తరాల బస్తాలు దిగాయి. అందరూ ఆ మాట గురించే. రచయిత్రి నోరు మూసుకుంది.

మూసుకుంది గానీ లొంగలేదు. ఎనిమిదో నవల చిత్తులోనూ పట్టుగా తలిచావా అనే రాసింది. పంతులమ్మ పట్టుగా తెమిలావా అనే ఎత్తిరాసింది. తొమ్మిదోదీ అంతే. పాతిక పుస్తకాలూ అంతే. ఒకరు ఒకటి రాయడం, ఇంకొకరు ఇంకొకటి చేయడం, ఇద్దరూ ఆ ఊసెత్తకుండా కలిసి టీ తాగడం. చేసిన తప్పు ఒప్పుకోలేక వదినగారు దాన్నే ఒప్పు చేసేసిందని రచయిత్రి అనుకుంటూ వచ్చింది. పంతుళ్లకి అలవాటే గదా.

ఇప్పుడు సూట్‌కేసు పట్టీలు చూశాక పరువు సంగతి పక్కన పెట్టింది.

"వదినా, ఆయనతో చెప్పండి. ఆ మాట నేను రాయలేదు. ఎత్తిరాతలో జరిగిన పొరపాటు. పేరు వచ్చింది కదా అని నాదేనని చెప్పుకున్నాను. జీవితం లేదు, గీవితం లేదు."

పంతులమ్మ కదల్లేదు.

"పొరపాటు అని చెప్పాలా?"

"పొరపాటనే చెప్పండి. ఇంకేమని చెప్తారు?"

పంతులమ్మ జీవితంలో మొదటిసారి టపా అందించడానికి ఆలస్యం చేసింది. కళ్లజోడు తీసి తుడిచింది. పెట్టుకుంది. పద్నాలుగు అడుగులు నడవడానికి ఆవిడకి పట్టినంతసేపట్లో ఇంకొకరు వీధి చివరికి వెళ్లి రావచ్చు. వెళ్లి, నీ భార్య ఇలా అంటోందని మొదలుపెట్టి మొత్తం అప్పజెప్పింది. పొరపాటు అన్న మాట దగ్గర మాత్రం గొంతు కాస్త అణిగింది.

తూనికలాయన నవ్వాడు. ఆదివారం నుంచి ఆ ఇంట్లో నవ్వు అదే మొదలు, దాన్ని నవ్వు కింద జమకట్టొచ్చో లేదో గానీ.

"నువ్వా? ఎత్తిరాతలో పొరపాటా? నేను హాస్టలు నుంచి రాసిన ఉత్తరాల్లో తప్పులు దిద్ది, ఎర్రసిరాతో మార్కులేసి తిప్పి పంపినదానివి. ఆవిడ చెప్తే చెప్పింది, నువ్వెలా మోసుకొచ్చావక్కా?"

పంతులమ్మ, తను మోసుకొచ్చేదే గానీ తయారుచేసేది కాదన్నట్టు నిలబడింది.

"సరే, పొరపాటే అనుకుందాం." తూనికలాయన రూళ్ల పుస్తకం మూసి దానిమీద చెయ్యి పెట్టాడు. "చెడిపోయిన కాటా ఎలా ఉంటుందో తెలుసా? ఓసారి ఎక్కువ చూపిస్తుంది, ఓసారి తక్కువ చూపిస్తుంది. నాలుగువందల పన్నెండుసార్లు తూచితే నాలుగువందల పన్నెండుసార్లూ ఒకే పక్కకి మొగ్గిందంటే అది చెడిపోయిన కాటా కాదు. దానికింద ఎవరో ముక్క అంటించారు. అది పొరపాటు కాదక్కా, చేతివాటం."

గుమ్మం వెనక నిలబడి ఉన్న రచయిత్రి ఆ మాట విన్నది.

విని, అప్రయత్నంగా వదినగారి చేతుల వంక చూసింది. కుడిచేతి మధ్యవేలు మీద సిరామచ్చ. ఆ మచ్చ ఆ వేలికి పుట్టుమచ్చలాగా ఎప్పుడూ ఉండేదే. ఇవాళ పంతులమ్మ ఆ వేలిని ఎడమచేత్తో మూసిపెట్టుకుంది.

ముప్పై ఒక్క నవలల్లో ముప్పై ఒక్క రహస్యాలు దాచి, పేజీకి ఇంత చొప్పున బయటపెట్టిన మనిషి రచయిత్రి. ఎవరు చెయ్యి ఎప్పుడు దాచుకుంటారో, ఎందుకు దాచుకుంటారో ఆవిడకి వేరే చెప్పనక్కర్లేదు. పాతికేళ్లుగా ఒకే బల్లకి అటూ ఇటూ కూర్చుని మాత్రం కనుక్కోలేకపోయింది. దీపం కిందే చీకటి.

పంతులమ్మ తిరిగివచ్చి ఎత్తిరాత గదిలోకి వెళ్లిపోయింది. వెనకాలే రచయిత్రి వెళ్లి తలుపు ఓరగా వేసింది. బల్లమీద ముప్పై రెండో నవల చిత్తు కాగితాలు ఒకవైపు, ఎత్తిరాసినవి ఒకవైపు. ప్రచురణకర్త పొద్దుటి నుంచి రెండుసార్లు ఫోను చేసి, దయ్యం క్షేమమేనా అని అడిగాడు. పంతులమ్మ కూర్చుని కలం మూత తీసింది. రాయలేదు.

పక్కింటివాళ్ల కుట్టుమిషను ఆగి ఆగి నడుస్తోంది.

"పొరపాటు కాదు కదా వదినా?"

"నేను ఎత్తిరాతలో ఎప్పుడూ పొరపాటు చెయ్యలేదమ్మాయ్."

అంతకన్నా ఒక్క ముక్క చెప్పలేదు. ఆ ముక్కే చాలు. అడిగితే చెప్తుంది, డిక్టేషనులా మొత్తం చెప్తుంది. ఆ సంగతి రచయిత్రికి తెలుసు. కానీ ఈ వయసులో, తమ్ముడి ఇంట్లో, తమ్ముడి ఎదుట ఆ మనిషి చేత ఆ పాఠం అప్పజెప్పించడానికి ఈవిడకి నోరు రాలేదు. ఎవరని అడగలేదు. ఎత్తిరాసిన కాగితాలు సర్ది అంచులు సరిచేసింది. అప్పటికే అవి సరిగానే ఉన్నాయి.

అప్పుడు నడవలో ఏదో గీరుకున్న చప్పుడైంది.

తూనికలాయన అటక దగ్గరికి నిచ్చెన లాక్కొస్తున్నాడు. సాక్ష్యం ఉండగా ఈ మాటలన్నీ ఎందుకని ఆయనకి తట్టింది. నవలల చిత్తుప్రతులన్నీ అటకమీద రేకుపెట్టెల్లో ఉన్నాయి. దించి చూస్తే ఆ మాట ఆవిడ రాసిందో లేదో అయిదు నిమిషాల్లో తేలిపోతుంది. అసలుకి నకలు పక్కన పెట్టి చూడ్డం ఆయనకి అన్నం తిన్నంత అలవాటు.

రచయిత్రి తలుపు సందులోంచి చూసింది. పెట్టె తెరిస్తే తను ఈ చిక్కులోంచి బయటపడుతుంది, నిజమే. ప్రతి చిత్తులోనూ తలిచావా అనే ఉంటుంది. ఒక్క కాగితం చాలు, సూట్‌కేసు పట్టీలు ఊడతాయి. కానీ ఆ కాగితమే, మరి ఆ మాట పెట్టిందెవరని కూడా అడుగుతుంది. జవాబు ఈ గదిలోనే కలం మూత తీసి కూర్చుని ఉంది.

ఆయన మూడో మెట్టుమీద ఉండగా ఆవిడ వెళ్లి నిచ్చెన పట్టుకుంది.

"ఎక్కకండి. నేనే రాశాను."

నాలుగు రోజుల తర్వాత టపా లేకుండా వెళ్లిన మొదటి మాట అది. తూనికలాయన ఆగి కిందికి చూశాడు.

పెళ్లికి ముందు ఒకాయన ఉండేవాడని చెప్పడం మొదలుపెట్టింది రచయిత్రి. వంతెనలు కట్టే ఇంజనీరు. పొడుగ్గా ఉండేవాడు, తక్కువ మాట్లాడేవాడు. కనుబొమ మీద మచ్చ ఉండేది. పొద్దు వాలేవేళ చేతిలో టార్చిలైటు పట్టుకుని వచ్చి తలుపు బయట నిలబడేవాడు. ఒకరోజు వంతెన పనికని వెళ్లి తిరిగి రాలేదు. పేరు మాత్రం అడగొద్దని, పేరు తనతోనే పోతుందని అంది. చెప్తూ చెప్తూ ఆవిడ నిజంగానే కొంగుతో కళ్లు ఒత్తుకుంది. రాసేటప్పుడూ అంతే, తన అబద్ధానికి తనే ముందు కన్నీళ్లు పెట్టుకునే రకం.

తూనికలాయన మొత్తం విన్నాడు.

"ఏ పక్క కనుబొమ?"

"ఎడమ."

"నాలుగో పుస్తకం, తొంభై ఆరో పేజీ." ఆయన గొంతులో కోపం కూడా లేదు. "నూట ముప్పయ్యో పేజీకి వచ్చేసరికి ఆ మచ్చ కుడిపక్కకి వెళ్లింది. అదీ రాసుకున్నాను, కావాలంటే చూపిస్తాను. ఆ ఇంజనీరు ఆఖరికి వంతెన కింద దొరికాడు, దొంగలముఠా కట్టిపడేసింది. బతికే ఉన్నాడు. ఆ పిల్లని పెళ్లి కూడా చేసుకున్నాడు."

రచయిత్రి నిచ్చెన వదల్లేదు. రాసిన పుస్తకాలు మొగుడు చదవకపోవడం ఎంత సుఖమో ఆవిడకి ఆ క్షణంలో తెలిసొచ్చింది.

తూనికలాయన మెట్టుమీదే నిలబడి ఆలోచించాడు. దుకాణాల్లో ఇలాంటివి చాలా చూశాడు. కాటాలో దొంగముక్క దొరగ్గానే గుమాస్తా పరుగెత్తుకొచ్చి, తప్పు నాదే బాబూ అని కాళ్ల మీద పడేవాడు. తనది కాని తప్పు అంత గబగబా నెత్తిన వేసుకున్నాడంటే అర్థం ఒక్కటే. యజమాని తెరవెనక కూర్చుని ఉన్నాడు.

"ఎవర్ని దాస్తున్నావు?" అన్నాడు. ఆయన ఆవిడతో నేరుగా అన్న రెండో మాటో మూడో మాటో అది. "లోపల ఎవరు?"

"నేనేరా. దిగు."

ఎత్తిరాత గది తలుపు ఎప్పుడు తెరుచుకుందో ఎవరూ చూడలేదు. పంతులమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. వద్దు వదినా అంది రచయిత్రి. నువ్వు ఊరుకో అమ్మాయ్, మచ్చ ఎటుందో గుర్తుపెట్టుకోలేనిదానివి అబద్ధాలెందుకు చెప్తావు అంది పంతులమ్మ.

తూనికలాయన దిగాడు. ఒక్కో మెట్టూ చూసుకుంటూ దిగాడు.

పంతులమ్మ బళ్లో చెప్పినట్టే చెప్పింది, చేతులు రెండూ వెనక కట్టుకుని. తను ఉద్యోగంలో చేరిన కొత్తలో బళ్లో ఒక డ్రాయింగు మాస్టారు ఉండేవాడని, ఇద్దరి దారీ ఒకటే కావడంతో రోజూ పొద్దున్నే వచ్చి గేటు బయట నిలబడేవాడని, లోపలికి రమ్మన్నా వచ్చేవాడు కాదని చెప్పింది. వచ్చి, తెమిలారా టీచరుగారూ అని అడిగేవాడు. రెండేళ్లు అలాగే అడిగాడు. రెండేళ్లూ ‘రా’ అనే అన్నాడు.

"ఒక్కరోజు ‘వా’ అన్నాడు." అంది పంతులమ్మ. "టీచరుగారూ అని కూడా అనలేదు. తెమిలావా అన్నాడు, అంతే. నీకు తేడా తెలుస్తోందిట్రా?"

తూనికలాయనకి తెలిసింది. పాలలో నీళ్లబొట్టు పడితే కనిపెట్టిన మనిషికి ‘రా’కీ ‘వా’కీ తేడా తెలియకపోవడమేమిటి. రచయిత్రికి ఇంకా బాగా తెలిసింది. ముప్పై ఒక్క నవలల్లో ఒక్కచోట కూడా తను అంత చిన్న అక్షరంతో అంత పని చేయించలేదని కూడా తెలిసింది.

"నువ్వు నాలుగువందల పన్నెండుసార్లు లెక్కపెట్టావు," అంది పంతులమ్మ. "నేను విన్నది ఒక్కసారే."

"మరి నువ్వేమన్నావు?"

"నేనేమీ అనలేదు. గేటు దగ్గర నువ్వున్నావు."

ఆ పొద్దున జరిగింది కూడా పంతులమ్మ అప్పజెప్పింది.

అప్పుడు తూనికలాయనకి ఇరవై రెండేళ్లు. కొత్తగా శిక్షణలో చేరాడు. రోజూ ఎనిమిదింబావు బస్సు. ఒకడు పనిలేకుండా గేటు దగ్గర నిలబడి ఉంటే ఆయన ప్రాణం ఒప్పేది కాదు. అవతలివాడి టైము కూడా తన టైమే అన్నట్టు బాధపడేవాడు. ఆ పొద్దున గేటు తీసుకుని వెళ్లిపోతూ, మా అక్క ఇప్పట్లో తెమలదండీ, మీరు పదండి అన్నాడు. అని బస్సుకి పరుగెత్తాడు. ఆయన మనసులో దురుద్దేశం ఇసుమంత లేదు. ఉన్న విషయం చెప్పాడు.

అవతలి మనిషి అడిగిందొకటి. మాస్టారికి అందిన జవాబు ఇంకొకటి, వద్దని. మర్నాటి నుంచి గేటు దగ్గర ఎవరూ లేరు. నెల తిరక్కుండా బదిలీ పెట్టుకుని వెళ్లిపోయాడు.

"నాకు గుర్తు లేదక్కా," అన్నాడు తూనికలాయన.

ప్రతి దుకాణంలో ప్రతి రాయి బరువూ తేదీతో సహా చెప్పగలిగిన మనిషి ఆ మాట అనడానికి చాలా కష్టపడ్డాడు.

"ఎందుకు గుర్తుంటుంది? నువ్వన్నది నిజమే కదా. నేను తెమల్లేదు."

"లోపల ఏం చేస్తున్నావప్పుడు?"

చెప్పకుండా ఉంటే బాగుండునని రచయిత్రికి అనిపించింది. కానీ డిక్టేషనులో వాక్యం మధ్యలో ఆపే అలవాటు పంతులమ్మకి లేదు.

"నీ క్యారియరు సర్దుతున్నాను. బస్సుకి టైమైపోతోందని కేకలేశావు. నీది సర్ది ఇచ్చి, నా చెప్పులు వేసుకుని వచ్చేసరికి గేటు వేసి ఉంది."

తూనికలాయన నిచ్చెన మొదటి మెట్టుమీద కూర్చున్నాడు. రచయిత్రి ఆయన పక్కకి వచ్చి నిలబడింది. ఆయన పక్కకి జరగలేదు. సూట్‌కేసు సంగతి ఆ ఇద్దరిలో ఎవరికీ గుర్తులేదు.

ఆయన బుర్ర మాత్రం అలవాటుకొద్దీ పనిచేస్తూనే ఉంది. పాతిక పుస్తకాలు. ప్రతి పుస్తకంలోనూ ఆ మాట అనేవాడు చచ్చినవాడు. పొద్దు వాలాక వస్తాడు, తలుపు బయటే ఉంటాడు, లోపలికి రాడు. అసలు దొరికింది, నకలు దొరికింది. రెండూ పక్కపక్కన పెడితే మిగిలేది ఒకే ఒక్క గడి. అది అడగడానికి ఆయన మెట్టుమీంచి లేచాడు.

"అక్కా, ఆయన ఎప్పుడు పోయాడు?"

పంతులమ్మ తమ్ముడి వంక చూసింది. మొద్దు పిల్లాడు ఎక్కాలు తప్పు చెప్తే చూసినట్టు చూసింది.

"పోయాడని ఎవరన్నారు?"

రచయిత్రి తలెత్తి వదినగారి వంక చూసింది.

"ఆయన్ని చంపింది నీ పెళ్లాంరా. నేను మార్చింది మాట ఒక్కటే." పంతులమ్మ గదిలోకి తిరగబోతూ గుమ్మం దగ్గర ఆగింది. "మనిషి మాత్రం ఉత్తరం వేస్తే మూడోరోజుకి అందే దూరంలోనే ఉన్నాడు."